సైకిల్ లైటు డబ్బా మీది ల్యూమెన్లను ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఆఫీసుకు రోజూ సైకిల్ మీద వెళ్లి, రాత్రి తొమ్మిది దాటాక తిరిగి వస్తున్నారు. ఆదివారాలు తెల్లవారకముందే నార్సింగి మీదుగా శంకర్‌పల్లి వైపు వెళుతున్నారు. మూడు ముందు లైట్లు చూశారు. మొదటిది 3000 ల్యూమెన్లు, 2000 ఎంఏహెచ్ బ్యాటరీ, 8 గంటలు అంటోంది. ధర అన్నిటికన్నా తక్కువ. రెండోది 400 ల్యూమెన్లు, 2600 ఎంఏహెచ్, 2 గంటలు. మూడోదాని మీద ల్యూమెన్ల ఊసే లేదు. 10 మీటర్ల దగ్గర 50 లక్స్ అని మాత్రమే రాసి ఉంది. మూడూ మూడు రకాల లెక్కలు చెబుతుంటే దేన్ని దేనితో పోల్చాలన్నది మీ సందేహం.

నా ఎంపిక మూడోది. అయితే దానికి తోడు ఇంకొక చిన్న లైటు కూడా అవసరమవుతుంది. ఎందుకో తరువాత చెబుతాను. మొదటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ల్యూమెన్ అంటే ఒక లైటు అన్ని దిక్కులకూ కలిపి వెదజల్లే మొత్తం కాంతి. అది ఎటు పోతోందన్న సంగతి ఆ అంకెలో ఉండదు. మన ఇళ్లలో వాడే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది, కానీ దాన్ని హ్యాండిల్‌కు కట్టుకుని బయలుదేరితే 20 మీటర్ల దూరాన ఒక్క లక్స్ వెలుగు కూడా పడదు, ఎందుకంటే ఆ కాంతిలో ఎక్కువ భాగం ఆకాశానికీ, పక్కనున్న గోడలకూ, మీ ముఖానికీ పోతుంది. ఒక దిక్కున కాంతి ఎంత తీవ్రంగా పోతోందో చెప్పేది క్యాండెలా. ఆ కాంతి వెళ్లి పడిన చోట చదరపు మీటరుకు ఎన్ని ల్యూమెన్లు అందాయో చెప్పేది లక్స్. ఈ రెండింటి మధ్య సంబంధం చాలా సులువు: క్యాండెలాలను దూరం వర్గంతో భాగిస్తే లక్స్ వస్తుంది. కాబట్టి మీ మూడో లైటు 10 మీటర్ల దగ్గర 50 లక్స్ అంటే దాని తీవ్రత 5000 క్యాండెలాలు. అదే లైటు 20 మీటర్ల దగ్గర పన్నెండున్నర లక్స్ ఇస్తుంది. దూరం రెట్టింపయితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుందన్నది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 100 ల్యూమెన్ల కాంతిని 10 డిగ్రీల సన్నని శంకువులో సమంగా నింపితే 10 మీటర్ల దగ్గర దాదాపు 42 లక్స్ వస్తుంది, వెలుగు వృత్తం వెడల్పు 1.75 మీటర్లు ఉంటుంది. 1000 ల్యూమెన్ల కాంతిని 60 డిగ్రీల శంకువులో పరిస్తే అదే దూరంలో 12 లక్స్ దాటదు, వెడల్పు మాత్రం పదకొండున్నర మీటర్లు. పదో వంతు ల్యూమెన్లున్న లైటు మూడున్నర రెట్లు ఎక్కువ వెలుగు వేసిందన్నమాట. నిజమైన లైట్లలో కాంతి ఇంత సమంగా పరుచుకోదు, మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉంటుంది. అయినా లెక్క పోకడ ఇదే.

అలాగని లక్స్ అంకె కూడా పతివ్రత ఏమీ కాదు. అది కాంతిపుంజంలో అత్యంత ప్రకాశవంతమైన ఒక్క బిందువు దగ్గర కొలిచిన విలువ. పుంజాన్ని బాగా సన్నబరిస్తే బలహీనమైన లైటు కూడా పెద్ద లక్స్ చూపిస్తుంది. కానీ ఆ వెలుగు రోడ్డు మధ్యలో ఒక పళ్లెం అంత ఉంటే దాని చుట్టూ ఉన్న గుంతలు కనిపించవు. పైగా కొందరు తయారీదారులు కొలిచిన దూరాన్ని రాయరు. ఒక మీటరు దగ్గర కొలిచిన 4000 లక్స్, 10 మీటర్ల దగ్గర కొలిచిన 40 లక్స్ రెండూ ఒకే లైటు. దూరం రాయని లక్స్ అంకెను అసలు చదవనవసరం లేదు.

జర్మనీ నిబంధనల ప్రకారం తయారైన లైట్లలో ఈ గందరగోళం తక్కువ. ఎస్‌టీవీజెడ్ఓ అనే అక్కడి వాహన నియమావళి కింద సైకిల్ ముందు లైటు 10 మీటర్ల దగ్గర కనీసం 10 లక్స్ ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యంగా, ఎదుటివారి కళ్లలో పడే పైభాగంలో 2 లక్స్‌కు మించకూడదు. ఆమోదం పొందిన లైటు మీద కె అక్షరం, అల గీత, ఒక సంఖ్య ముద్రించి ఉంటాయి. ఆ 2 లక్స్ హద్దు వల్ల ఈ లైట్ల పుంజం పైభాగాన కత్తిరించినట్టు ఉంటుంది, ఉన్న కాంతి అంతా రోడ్డు మీదే పడుతుంది. బుష్ ఉండ్ ముల్లర్ వారి ఐక్యూ-ఎక్స్ డైనమో లైటు 100 లక్స్ ఇచ్చేది ఇలాగే. డైనమో పద్ధతిలో ముందు లైటుకు దక్కేది సుమారు రెండున్నర వాట్లే అయినా, అద్దం ఆకారం వల్ల ఆ కొద్ది కాంతి వృథా పోదు. (మన పాత సైకిళ్లకుండే సీసా డైనమో కూడా 6 వోల్టులదే, కాకపోతే తంతి బల్బు వెలుగు, అదీ తొక్కే వేగాన్ని బట్టి పెరిగి తరుగుతుండేది.) మీరు చూసిన మూడో లైటు ఈ కోవకు చెందినదే అయి ఉండాలి, డబ్బా మీద కాకుండా లైటు ఒంటి మీదే ఆ కె గుర్తు ఉందో లేదో చూసుకోండి.

రోడ్డు మీద మనకు నిజంగా ఎంత వెలుగు కావాలి? గంటకు 25 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. అడ్డంకిని చూసి బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే 10 మీటర్లు అక్కడే పోతాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 6 మీటర్లు, తడి రోడ్డు మీద 10 మీటర్ల వరకు కావాలి. అంటే 20 మీటర్ల ముందు ఉన్నదాన్ని గుర్తుపట్టగలగాలి. ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. డబ్బా మీది లక్స్ నిటారుగా నిలబెట్టిన తెర మీద కొలిచినది, రోడ్డేమో పడుకుని ఉంటుంది. హ్యాండిల్ మీద మీటరు ఎత్తున ఉన్న లైటు నుంచి 20 మీటర్ల దూరాన కాంతి రోడ్డును దాదాపు రాసుకుంటూ పోతుంది కాబట్టి, అక్కడి నేల మీద పడేది తెర మీది విలువలో ఇరవయ్యో వంతు మాత్రమే. మీ మూడో లైటు పన్నెండున్నర లక్స్ కాస్తా నేల మీద 0.6 లక్స్ అవుతుంది. నిండు పున్నమి వెన్నెల సుమారు పావు లక్స్ ఉంటుందని తెలిస్తే ఇది ఎంత తక్కువో అర్థమవుతుంది. నిటారుగా ఉన్న వస్తువు, అంటే మనిషి, ఆగిన ట్రాలీ, పడుకున్న గేదె చప్పున కనబడి, రంగు వేయని స్పీడ్ బ్రేకరు మాత్రం మీదికి వచ్చేదాకా కనబడకపోవడానికి కారణం ఇదే. తడి తారు మీద పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంటుంది. నీటి పొర కాంతిని వెనక్కి పంపకుండా ముందుకే జార్చేస్తుంది, దానితో మీ లైటు పాడయిందేమో అనిపిస్తుంది.

ఇక మొదటి లైటు సంగతి. బ్యాటరీ శక్తిని ఎంఏహెచ్‌లో కాదు, వాట్-అవర్లలో చూడాలి. 2000 ఎంఏహెచ్ అంటే 2 ఆంపియర్-అవర్లు. లిథియం సెల్ సగటు వోల్టేజి 3.6తో గుణిస్తే 7.2 వాట్-అవర్లు. డబ్బా చెప్పేది 3000 ల్యూమెన్లు 8 గంటల పాటు, అంటే 24,000 ల్యూమెన్-గంటలు. భాగిస్తే ఒక్కో వాట్‌కు 3,333 ల్యూమెన్లు రావాలి. మనిషి కంటికి అత్యంత అనుకూలమైన 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి కూడా వాట్‌కు 683 ల్యూమెన్లే పరమావధి, ఒక్క చుక్క శక్తి కూడా వేడిగా పోకపోయినా సరే. తెల్లని కాంతికి ఆ హద్దు ఇంకా తక్కువ. మంచి సైకిల్ లైట్లు అన్ని నష్టాలూ పోగా వాట్‌కు 80 నుంచి 120 ల్యూమెన్ల వరకు ఇస్తాయి. 100 అనుకుంటే ఆ బ్యాటరీలో ఉన్నది 720 ల్యూమెన్-గంటలు. ఆ లైటు నిజంగా 8 గంటలు వెలిగితే సగటున 90 ల్యూమెన్లే ఇస్తుంది. నిజంగా 3000 ల్యూమెన్లు ఇస్తే పావుగంటలోపు ఆరిపోతుంది. పైగా 3000 ల్యూమెన్లకు 30 వాట్లు కావాలి. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ఆ ఒంటికి అంత వేడిని బయటికి పంపే శక్తి లేదు.

రెండో లైటుకు ఇదే లెక్క వేస్తే 2.6 ఇంటూ 3.6, అంటే 9.4 వాట్-అవర్లు, 400 ల్యూమెన్లు 2 గంటలకు 800 ల్యూమెన్-గంటలు, వాట్‌కు 85. ఇది నమ్మదగిన అంకె. దీన్ని తయారు చేసినవారు కొలిచి రాశారు.

తొంభైలలో టేప్ రికార్డర్ల మీద 'పీఎంపీఓ 2000 వాట్లు' అని, నిజంగా వచ్చేదాన్ని ఎన్నో రెట్లు పెంచి చెప్పే మెరిసే స్టిక్కరు ఉండేది గుర్తుందా, చవక లైట్ల మీది ల్యూమెన్లు ఆ జాతివే. కోఠి దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ కనిపించే 'టీ6' అన్న మాట కూడా ఇలాంటి భ్రమనే కలిగిస్తుంది. క్రీ సంస్థ ఎక్స్ఎం-ఎల్ అనే తన ఎల్ఈడీలను ప్రకాశాన్ని బట్టి తరగతులుగా విడదీసేది. వాటిలో టీ6 ఒకటి. 700 మిల్లీ ఆంపియర్ల కరెంటు దగ్గర కనీసం 280 ల్యూమెన్లు ఇవ్వాలన్నదే ఆ తరగతికి అర్థం. అది లైటు నాణ్యతకు ముద్ర కాదు. పైగా ఇప్పుడు ఆ పేరు వేసుకున్న చిప్పులన్నీ ఆ సంస్థవి కావు.

నమ్మదగిన కంపెనీలు చాలావరకు ఎఫ్ఎల్ 1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం కొలుస్తాయి. 2009లో టార్చిలైట్ల కోసం వచ్చిన ప్రమాణమిది. ఇందులో కూడా మూడు సంగతులు తెలిసి ఉండాలి. ల్యూమెన్లను లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల మధ్య కొలుస్తారు, కాబట్టి ఐదో నిమిషంలో వేడికి తట్టుకోలేక వెలుగు తగ్గించేసుకునే లైటు కూడా పెద్ద అంకె వేసుకోవచ్చు. వెలిగే సమయాన్ని కాంతి మొదటి విలువలో 10 శాతానికి పడిపోయేదాకా లెక్కిస్తారు; 400 ల్యూమెన్లు 2 గంటలు అన్నదానిలో చివరి నిమిషాలు 40 ల్యూమెన్లే కావచ్చు. ఇక కాంతి చేరే దూరమంటే పావు లక్స్ మిగిలే దూరం. ఆ లెక్కన మీ మూడో లైటు 141 మీటర్లు 'చేరుతుంది', కానీ అంత దూరంలో దానితో మీకు ఏమీ కనిపించదు. అందుకే దూరం అంకెను నేను పట్టించుకోను. కొనేముందు ఎన్నో నిమిషంలో ఎన్ని ల్యూమెన్లు ఉంటాయో చూపే గ్రాఫు ఎవరైనా ఇచ్చారా అని వెతుకుతాను. మన ఊళ్లో మే నెల రాత్రి పది గంటలకు కూడా గాలి వెచ్చగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఆ గాలి కూడా తగలదు. వేడికి వెలుగు తగ్గించుకునే గుణం ఇక్కడ తొందరగా బయటపడుతుంది.

ఇప్పుడు మీ దారులకు వద్దాం. మియాపూర్ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా వచ్చే పెద్ద రోడ్లలో వీధి దీపాల కిందే ఉంటారు. వీధి దీపాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 ప్రధాన రహదారులకు సగటున 15 నుంచి 30 లక్స్ నేల మీద ఉండాలంటుంది. అందులో సగం ఉన్నా మీ లైటు వేసే వెలుగు దాని ముందు వెలవెలబోతుంది. కాబట్టి అక్కడ ముందు లైటు పని రోడ్డు చూపించడం కాదు, పక్క గల్లీ నుంచి దూసుకొచ్చే బైకువాడికి మీరు కనిపించడం. దానికి 100 నుంచి 200 ల్యూమెన్లు పుష్కలం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద కూడా అంతకన్నా అక్కర్లేదు. అక్కడ ఎదురుగా వచ్చేది కూడా సైకిలే కాబట్టి, పైభాగం కత్తిరించకుండా గుండ్రటి పుంజం వేసే 800 ల్యూమెన్ల లైటును తిన్నగా పెట్టుకుని వెళ్లడం ఎదుటివారి మీద దౌర్జన్యం చేసినట్టే.

ఆదివారం దారి వేరు. మోకిల దాటాక వీధి దీపాలు లేని చోట్లు వస్తాయి; డిసెంబరు, జనవరిలో మనకు సూర్యోదయం ఆరున్నర దాటాకే కాబట్టి, ఐదింటికి బయలుదేరితే గంటకు పైగా చీకట్లోనే తొక్కాలి. అక్కడ గుండ్రటి పుంజం లైటయితే నిజమైన 400 ల్యూమెన్లు కనీసం ఉండాలి, ఎందుకంటే దాన్ని తిన్నగా పెడితే సగం కాంతి చెట్ల మీదికి పోతుంది. కత్తిరించిన పుంజమయితే 40 లక్స్ పైన ఏదైనా సరిపోతుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఘాట్‌లో చీకట్లో దిగే ఆలోచన ఉంటే మాత్రం ఈ లెక్కలు చాలవు. గంటకు 45 కిలోమీటర్ల వేగానికి ఆగే దూరం 40 మీటర్లు దాటుతుంది, అక్కడికి ఇప్పటి వెలుగే పంపాలంటే నాలుగు రెట్ల తీవ్రత కావాలి. మలుపుల్లో పక్కలకు కూడా వెలుగు పరవాలి. వేడిని తట్టుకునే 800 నుంచి 1000 ల్యూమెన్ల లైటు లేకుండా ఆ దిగుడు వద్దు.

ముందు చెప్పిన షరతు ఇక్కడ వస్తుంది. కత్తిరించిన పుంజం పైకి ఏమీ వెలిగించదు. జర్మనీ రోడ్లకు అది గుణమే. మన కాలనీల్లో మాత్రం స్తంభాల మధ్య తెగి వేలాడే ఇంటర్నెట్, కేబుల్ టీవీ వైర్లు సరిగ్గా మెడ ఎత్తున ఉంటాయి, వానాకాలంలో విరిగి వంగిన కొమ్మలు కూడా. నల్లటి వైరు మీద కాస్త వెలుగు పడితే సన్నగా మెరుస్తుంది. పడకపోతే మెడకు తగిలేదాకా తెలియదు. అందుకని మూడో లైటుతో పాటు హెల్మెట్‌కు 100 ల్యూమెన్ల చిన్న లైటు కట్టుకోండి. తల ఎటు తిప్పితే అటు వెలుగు పోతుంది, ముందు లైటు ఛార్జింగ్ అయిపోతే ఇల్లు చేరడానికి కూడా పనికొస్తుంది. బడ్జెట్ ఒక్క లైటుకే సరిపోతే రెండోదే తీసుకోండి, కానీ కిందికి వంచి బిగించండి.

ఆ వంపు ఎంత ఉండాలో గోడ మీద చూసుకోవచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దీపాలు తీసేసి, గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరాన సైకిల్‌ను నిటారుగా నిలబెట్టి, లైటు ఎంత ఎత్తున ఉందో గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. పుంజం మధ్యభాగం ఆ గీతకు 25 సెంటీమీటర్లు కింద పడాలి. అప్పుడది రోడ్డును 20 మీటర్ల దగ్గర తాకుతుంది. కత్తిరించిన పుంజానికి మాత్రం పై అంచును ఆ గీతకు నాలుగైదు సెంటీమీటర్లు దిగువన ఉంచితే చాలు. సైకిల్ మీద మనిషి కూర్చున్నాకే చూడాలి, గాలి తగ్గిన టైర్లతో చూడకూడదు.

అదే సెల్లార్‌లో మీ లైటు నిజాయితీని కూడా పరీక్షించవచ్చు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, లైటుకు 2 మీటర్ల దూరాన ఫోన్ ముందువైపు సెన్సర్‌ను పుంజం మధ్యలో పెట్టి చదవండి. వచ్చిన అంకెను 4తో గుణిస్తే క్యాండెలాలు. ఫోన్ సెన్సర్ చెప్పే విలువ మొత్తంగా కొంత తప్పు కావచ్చు, కానీ ఒకే ఫోన్‌తో రెండు లైట్లను పోల్చడానికి అది చక్కగా సరిపోతుంది. ల్యూమెన్లను పోల్చాలంటే తెల్లటి కప్పున్న చిన్న స్నానాల గది చాలు: లైటును కప్పు వైపు నిలబెట్టి, నేరు వెలుగు తగలకుండా ఫోన్‌ను ఒక మూల ఉంచి చదవండి, తరువాత నమ్మకమైన కంపెనీ లైటును అక్కడే పెట్టి మళ్లీ చదవండి. 400 ల్యూమెన్ల లైటుకు 120 వచ్చి, 3000 అన్నదానికి 90 వస్తే ఇంకేం చెప్పాలి! లైటును అలాగే వదిలి పది నిమిషాలకొకసారి అంకె రాసుకుంటే బ్యాటరీ కథ కూడా తెలిసిపోతుంది. కదలని గాలిలో లైటు ఎక్కువగా వేడెక్కుతుంది కాబట్టి ఎదురుగా ఫ్యాను పెట్టండి. వాపసు గడువు ముగియకముందే ఈ పని పూర్తి చేసుకోవాలి.

నీటి సంగతి క్లుప్తంగా: ఐపీఎక్స్4 అంటే చిమ్మే నీటికి ఓర్చుకుంటుంది, మన జూలై వానకు ఐపీఎక్స్6 ఉంటే మేలు. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత వదులైతే ఏ రేటింగూ కాపాడదు.

మీరు అడగకపోయినా వెనక లైటు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ జనం ఇంకా పెద్ద అంకెల కోసం పరుగెడుతున్నారు. వెనక లైటు దేన్నీ వెలిగించనక్కర్లేదు, కనబడితే చాలు. రాత్రికి 20 నుంచి 50 ల్యూమెన్లు సరిపోతాయి, పట్టపగలు వాడాలంటే 100 దాకా కావాలి. డెన్మార్క్‌లోని ఒడెన్సే నగరంలో 2004-05లో 3,845 మంది సైకిలిస్టులతో చేసిన పరిశీలనలో, పగలూ రాత్రీ నిరంతరం వెలిగే లైట్లు వాడినవారికి గాయాలయ్యే ప్రమాదాలు 19 శాతం తక్కువగా జరిగాయి. అవి చక్రానికి బిగించిన అయస్కాంతంతో వెలిగే చిన్న లైట్లు, ల్యూమెన్ల పోటీకి నిలిచేవి కావు. కాబట్టి వెనక లైటులో పక్కల నుంచి కూడా కనబడుతుందా, సీటు కింద సంచీ దాన్ని కప్పేస్తోందా, ఛార్జింగ్ అయిపోయే ముందు హెచ్చరిస్తుందా అని చూడండి. ఆదివారం గుంపుగా తొక్కేటప్పుడు మాత్రం దాన్ని మిణుకు మోడ్ నుంచి తీసి, అతి తక్కువ వెలుగులో నిలకడగా ఉంచండి. మీ వెనక చక్రానికి మీటరు దూరంలో వచ్చే మనిషి గంటసేపు దాన్నే చూస్తూ తొక్కాలి.